వేగం ముందే వచ్చు... ఆగడం నేర్చుకున్నారు!

పదేళ్లపాటు ఊరు దాటి పెద్దగా ఎవరికీ తెలియని ఓ కాలిఫోర్నియా బ్యాండ్. ఒక్క ఆల్బమ్‌తో కోటి కాపీలు దాటేసింది. ఆ పదేళ్లలో వాళ్ల పాటలో ఏం మారింది? ‘ది ఆఫ్‌స్ప్రింగ్’ బ్యాండ్, ‘స్మాష్’ ఆల్బమ్ కథ ఇది.

1994 ఏప్రిల్. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా. ముప్ఫై ఒక్కేళ్ల ఒకతను ఓ స్కూల్లో ఊడ్చి, తుడిచే ఉద్యోగం చేస్తున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల ఇంకొకతను యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో మాలిక్యులర్ బయాలజీ పీహెచ్‌డీ చేస్తున్నాడు. పని అయ్యాక ఇద్దరూ గిటార్లు భుజానికి తగిలించుకుంటారు. ఇంకో ఇద్దరు స్నేహితులతో కలిసి వాళ్లది ఓ బ్యాండ్. ఏప్రిల్ 8న వాళ్ల మూడో ఆల్బమ్ ఓ చిన్న కంపెనీ నుంచి బయటికొచ్చింది. ఏడాది తిరక్కుండానే ఆ ఇద్దరి ముఖాలూ ఎంటీవీ చూసే ప్రతి ఇంటికీ పరిచయమైపోయాయి.

బ్యాండ్ పేరు ది ఆఫ్‌స్ప్రింగ్. ఆల్బమ్ పేరు స్మాష్. స్కూల్లో ఊడ్చే అతను గిటారిస్టు నూడుల్స్ (అది ముద్దుపేరు, అసలు పేరు కెవిన్ వాసర్‌మన్). ల్యాబ్ కుర్రాడు గాయకుడు, పాటల రచయిత డెక్స్‌టర్ హాలండ్.

ఈ పేర్లు మీకు తెలియకపోవచ్చు. కానీ ఆ గొంతు విని ఉండే అవకాశం ఉంది. సెగా కంపెనీ 1999లో తెచ్చిన ‘క్రేజీ టాక్సీ’ గేమ్ గుర్తుందా? పసుపు కారు ఫుట్‌పాత్‌లెక్కి, జనాన్ని తప్పించుకుంటూ దూసుకెళ్తుంటే వెనకాల ఒకడు గొంతు చించుకుని పాడుతుంటాడు. అది వీళ్ల ‘ఆల్ ఐ వాంట్’ పాటే. రెండు నిమిషాలు కూడా ఉండదు. కానీ అది వింటూ కారుకి బ్రేక్ వేయాలని ఎవరికీ అనిపించదు!

ఇలాంటి కథ చెప్పగానే ‘నచ్చిన పని చేయండి, విజయం అదే వస్తుంది’ అనే ముగింపు పెట్టేయడం తేలిక. నాకు మాత్రం ఇందులో ఆసక్తిగా అనిపించేది వేరే. ఓ సాఫ్ట్‌వేర్‌కి వెర్షన్ 1, 2, 3 వచ్చినప్పుడు ఏం మారిందో చూస్తాం కదా, అలా ఈ బ్యాండ్ మొదటి మూడు ఆల్బమ్‌లను వరసగా పెట్టి వినండి. ఎదుగుదల అంటే ఏంటో చెవికే తెలిసిపోతుంది.

నీళ్లు లేని కొలనులో పుట్టిన మోత

ముందు ‘స్కేట్ పంక్’ అంటే ఏంటో చూద్దాం. 1970ల మధ్యలో కాలిఫోర్నియాలో గట్టి కరవొచ్చింది. ఇళ్ల వెనక ఉండే ఈతకొలనులు చాలా ఎండిపోయాయి. అలల మీద సర్ఫింగ్ చేసే కుర్రాళ్లు చక్రాల బల్లలు పట్టుకుని ఆ ఖాళీ కొలనుల్లోకి దిగారు. గుండ్రటి గోడల మీదికి ఎక్కడం, అంచు దాకా వెళ్లి గాల్లో తిరగడం... అలా స్కేట్‌బోర్డింగ్ కొత్త రూపం తీసుకుంది. ఇంచుమించు అదే రోజుల్లో పంక్ రాక్ కూడా ఊపందుకుంది. మూడు నాలుగు కార్డ్‌లు, గట్టి అరుపు, గ్యారేజీలో సాధన. సంగీతం క్లాసులకు వెళ్లాల్సిన పనిలేదు, ఖరీదైన సామాను అక్కర్లేదు. రెండు గుంపుల్లోనూ ఉన్నది దాదాపు అదే కుర్రాళ్లు కాబట్టి రెండూ కలిసిపోయాయి. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన స్కేట్‌బోర్డింగ్ పత్రిక ‘థ్రాషర్’ ఇలాంటి బ్యాండ్‌ల పాటలతో క్యాసెట్లు కూడా తెచ్చింది.

స్కేట్ పంక్‌కి ప్రాణం డ్రమ్స్. కాలి కింద పెద్ద డ్రమ్, చేతి కింద చిన్న డ్రమ్ ఒకదాని వెనక ఒకటి ఖాళీ లేకుండా మోగుతూనే ఉంటాయి. మన తీన్మార్‌లో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఓ ఊగు ఉంటుంది, అడుగు వేయడానికి చోటు దొరుకుతుంది. ఇందులో ఆ చోటు ఉండదు. తోసుకుంటూ పోవడమే. దాని మీద గిటార్ల హోరు, ఆ హోరు మధ్యలోంచి తేలే రాగం. ఇదీ స్కేట్ పంక్.

ఇందులో బలం ఎక్కడుందో బలహీనతా అక్కడే ఉంది. అన్నీ వేగంగా ఉంటే ఏదీ వేగంగా అనిపించదు. హైవే మీద గంటసేపు ఒకే స్పీడులో వెళ్తే కారు కదులుతున్నట్టే తెలియదు చూడండి, అలాగన్నమాట. మూడో పాట దగ్గరికొచ్చేసరికి మొదటి పాట ఏదో మరిచిపోతాం. ఆఫ్‌స్ప్రింగ్ కూడా అక్కడే మొదలైంది.

వెర్షన్ 1: వేగం ఒక్కటే

1984లో గార్డెన్ గ్రోవ్ అనే ఊళ్లో డెక్స్‌టర్, అతని స్నేహితుడు గ్రెగ్ క్రీజల్ కలిసి బ్యాండ్ పెట్టారు. ఇద్దరూ స్కూల్ పరుగు పందేల జట్టులో ఉండేవాళ్లు. ఓ పంక్ కచేరీకి వెళ్లి, లోపలికి వెళ్లే వీల్లేక వెనక్కొచ్చి, ‘మనమే ఓ బ్యాండ్ పెడదాం’ అనుకున్నారట. డెక్స్‌టర్ అప్పటికి పసికందేం కాదు, తన హైస్కూల్ బ్యాచ్‌లో టాపర్. కానీ సంగీతంలో ఓనమాలు అప్పుడే దిద్దుతున్నాడు. 1986లో బ్యాండ్‌కి ఇప్పటి పేరు పెట్టుకుని, సొంతంగా ఓ చిన్న రికార్డు విడుదల చేశారు.

ఇక్కడ ఓ చిన్న మలుపుంది. అప్పటి డ్రమ్మర్ జేమ్స్ లిల్యా మెడిసిన్ చదవడానికి 1987లో బ్యాండ్ వదిలేశాడు. తర్వాత క్యాన్సర్ డాక్టరయ్యాడు. అతని స్థానంలో పదహారేళ్ల రాన్ వెల్టీ వచ్చాడు. ‘అయ్యో, ఆగి ఉంటే స్టార్ అయ్యేవాడే’ అనిపిస్తుందా? నాకలా అనిపించదు. ఎవరికి ఏది కావాలో వాళ్లు తేల్చుకున్నారు. బ్యాండ్ ఏమవుతుందో ఆ రోజు ఎవరికీ తెలియదు కూడా.

1989లో మొదటి ఆల్బమ్ వచ్చింది. పేరు కూడా బ్యాండ్ పేరే. నెమెసిస్ అనే చిన్న సంస్థ తెచ్చింది. డెడ్ కెన్నెడీస్ లాంటి పంక్ బ్యాండ్‌లతో పనిచేసిన టామ్ విల్సన్ నిర్మాత. ఇప్పుడు విన్నా కుర్రాళ్ల ఉత్సాహం తెలుస్తుంది. గొంతులో పదునుంది, చేతుల్లో వేగముంది. కానీ పాట తర్వాత పాట ఒకే చోటికి పరిగెడుతున్నట్టు ఉంటుంది. అందులోని ‘టెహ్రాన్’ అనే పాటనే గల్ఫ్ యుద్ధం రోజుల్లో మార్చి 1991లో ‘బాగ్దాద్’గా తెచ్చారు. చేసిందాన్నే మళ్లీ తీసి, విప్పి, బిగించే అలవాటు అప్పట్నుంచే ఉందన్నమాట. ఈ అలవాటు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

వెర్షన్ 2: ఒక్క పాట తేడాగా

రెండో ఆల్బమ్ ‘ఇగ్నిషన్’ 1992లో వచ్చింది. ఈసారి కంపెనీ ఎపిటాఫ్. బ్యాడ్ రెలిజియన్ బ్యాండ్ గిటారిస్టు బ్రెట్ గురెవిట్జ్ నడిపే సంస్థ అది. స్కేట్ పంక్ వినేవాళ్లకి ఆ పేరే ఓ గుర్తింపు ముద్ర. నిర్మాత మళ్లీ టామ్ విల్సనే.

పన్నెండు పాటల్లో ఎక్కువ భాగం పాత దారే. శబ్దం శుభ్రపడింది, కోరస్‌లు గుర్తుండేలా వచ్చాయి. అయితే మధ్యలో ‘డర్టీ మ్యాజిక్’ అని ఓ పాట తగులుతుంది. అక్కడ బ్యాండ్ ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది. గిటార్ హోరు తగ్గుతుంది, గొంతులోని దిగులు బయటపడుతుంది. కోరస్‌లో మళ్లీ హోరెత్తుతుంది. వేగంగా పాడితే కోపం మాత్రమే వినిపిస్తుంది, నెమ్మదిగా పాడితే ఆ కోపం వెనకున్న బాధ కూడా వినిపిస్తుంది. ఈ సంగతి వాళ్లకి తెలిసిందని చెప్పే మొదటి ఆనవాలు ఈ పాటే.

హిట్ పాటేం కాదది. కానీ బ్యాండ్ దాన్ని మరిచిపోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 2012 ఆల్బమ్ ‘డేస్ గో బై’ కోసం అదే పాటను మళ్లీ రికార్డు చేశారు. తమ దారి ఎక్కడ మలుపు తిరిగిందో వాళ్లకి తెలుసు మరి.

వెర్షన్ 3: వేడి ఫ్లాస్కుల పాఠం

ఇక స్మాష్. 14 ట్రాకులు. నిర్మాత విల్సన్, కంపెనీ ఎపిటాఫ్, మనుషులు అదే నలుగురు. బయటనుంచి చూస్తే ఏమీ మారలేదు. మారిందంతా పాట లోపలే.

‘కమ్ అవుట్ అండ్ ప్లే’ వినండి. డ్రమ్స్ మొదలవుతాయి, గిటార్ మీద అరబ్బు సంగీతం వాసన ఉన్న చిన్న తునక వస్తుంది. మన చెవికి అది మరీ పరాయిగా అనిపించదు. పాట వేగం అందుకుంటుంది, బిగుస్తుంది, ఇక పేలుతుందనుకునే చోట... టక్కున ఆగిపోతుంది. ఆ ఖాళీలో ఓ గొంతు ఒక్క చిన్న మాట అంటుంది. వెంటనే మళ్లీ ఆ గిటార్ తునక. కోట్లమంది నాలుక మీద నిలిచింది ఆ ఖాళీలో పడిన మాటే. వేగమే ఆస్తి అనుకున్న బ్యాండ్‌కి తొలి పెద్ద హిట్ తెచ్చింది ఆగిన ఆ క్షణం!

ఆ మాట పుట్టిన కథ ఇంకా బాగుంటుంది. డెక్స్‌టర్ ల్యాబ్‌లో సూక్ష్మజీవులు పెంచే ద్రవాన్ని ఫ్లాస్కుల్లో తయారుచేసేవాడు. దించినప్పుడు అవి పొగలు కక్కుతుంటాయి. అన్నిటినీ ఒకచోట ఆనించి పెడితే ఒకదాని వేడి ఇంకోదానికి తగిలి ఎంతకీ చల్లారవు. దూరం దూరంగా పెట్టాలి. ఆ ‘దూరంగా పెట్టాలి’ అన్న మాటే అతని బుర్రలో తిరుగుతూ ఉండిపోయింది. మరోవైపు అతను రోజూ యూనివర్సిటీకి వెళ్లే దారిలో లాస్ ఏంజెలెస్ ముఠాల పేటలు తగిలేవి. స్కూలు పిల్లల చేతుల్లోకి తుపాకులు వస్తున్న రోజులవి. ఫ్లాస్కుల మాట, ముఠా కుర్రాళ్ల గొడవ ఒకే పాటలో కలిశాయి. వేడెక్కిన వాళ్లని ఒకచోట పెడితే ఏమవుతుందో చెప్పే పాట అది.

చదువుకీ అభిరుచికీ సంబంధం లేదని మనం తరచూ అనుకుంటాం. ‘బీటెక్ మెకానికల్ చేసి కథలెందుకురా’ అని ఇంట్లో అంటారు. ఇక్కడ చూడండి, ల్యాబ్ పని లేకపోతే ఆ పాటకి ఆ మాటే దొరికేది కాదు.

రెండో పెద్ద పాట ‘సెల్ఫ్ ఎస్టీమ్’. నాలుగు నిమిషాలు దాటే ఈ పాట పంక్ లెక్కలో చాంతాడంత. శ్రుతి తప్పిన గుంపు పాటతో, దాదాపు వెక్కిరింతలా మొదలవుతుంది. ఆ తర్వాత బరువైన గిటార్లు. కానీ చరణం రాగానే గిటార్లు పక్కకి తప్పుకుంటాయి. బేస్ గిటార్, డ్రమ్స్, ఓ గొంతు. అంతే మిగులుతాయి. తనని వాడుకుంటున్న అమ్మాయికి ‘వద్దు’ అని చెప్పలేక, చెప్పలేనందుకు తననే తిట్టుకునే కుర్రాడి గోడు అది. పంక్ పాటల్లో సాధారణంగా కోపం బయటివాళ్ల మీద ఉంటుంది. ప్రభుత్వం మీద, పోలీసుల మీద, పెద్దవాళ్ల మీద. ఇక్కడ వేలు తనవైపే తిరిగింది. రాతలో కూడా ఇది ఓ మెట్టు పైకే.

మిగతా ఆల్బమ్‌లోనూ ఈ ‘చోటు ఇవ్వడం’ కనిపిస్తుంది. ‘వాట్ హ్యాపెన్డ్ టు యూ?’ పాటలో జమైకా నుంచి వచ్చిన స్కా లయ తీసుకున్నారు. గిటార్ ఎగిరెగిరి పడుతూ మధ్యలో గాలి వదులుతుంది. పాట మాత్రం మత్తుకి బానిసైన స్నేహితుడి గురించి. ‘బ్యాడ్ హ్యాబిట్’ రోడ్డు మీద బండి నడిపేటప్పుడు తన్నుకొచ్చే కోపం మీద పాట. అందులోనూ మధ్యలో మోత ఆపేసి, తిట్లు మాత్రం విడిగా వినిపిస్తారు (ఇంట్లో స్పీకర్ పెట్టి వినకండి!). ‘గాటా గెట్ అవే’ మధ్యస్థ వేగంలో బేస్, డ్రమ్స్ మీద నడుస్తుంది. వీటి మధ్య ‘నైట్రో’ లాంటి అచ్చమైన వేగం పాటలు వస్తే, ఇప్పుడు అవి నిజంగా వేగంగా వినిపిస్తాయి. ఎందుకంటే ముందూ వెనకా పోల్చుకోవడానికి నెమ్మది ఉంది.

అన్నీ ఆణిముత్యాలని అనను. ఆల్బమ్ రెండో సగంలో ఒకటి రెండు పాటలు ఇగ్నిషన్‌లోంచి జారిపడ్డట్టే ఉంటాయి. కానీ మొదటి ఆల్బమ్‌లో ఒక్క వేగమే తెలిసినవాళ్ల చేతిలో ఇప్పుడు నాలుగైదు వేగాలున్నాయి.

కంపెనీ చిన్నది... ఆర్డర్లు పెద్దవి

ప్రతిభ ఒక్కటే గెలిపించిందంటే అబద్ధమవుతుంది. కాలం కూడా కలిసొచ్చింది. రెండు నెలల ముందే, ఫిబ్రవరిలో గ్రీన్ డే బ్యాండ్ ‘డూకీ’ ఆల్బమ్ వచ్చి పంక్‌కి రేడియో తలుపులు తెరిచింది. స్మాష్ వచ్చిన ఏప్రిల్ 8నే నిర్వాణా గాయకుడు కర్ట్ కొబైన్ మరణవార్త లోకానికి తెలిసింది. అమెరికా రాక్ సంగీతం ఓ మలుపులో నిలబడి ఉంది. అప్పుడే లాస్ ఏంజెలెస్ రేడియో స్టేషన్ కేఆర్‌ఓక్యూ ‘కమ్ అవుట్ అండ్ ప్లే’ని పదేపదే వేయడం మొదలుపెట్టింది. ఎంటీవీ అందుకుంది.

ఆల్బమ్ బిల్‌బోర్డ్ జాబితాలో 4వ స్థానం దాకా వెళ్లింది. ప్రపంచమంతా కలిపి కోటీ పది లక్షల కాపీలు అమ్ముడైందని లెక్క. పెద్ద కంపెనీల అండ లేని స్వతంత్ర సంస్థ నుంచి వచ్చిన ఆల్బమ్‌లలో అత్యధికంగా అమ్ముడైంది ఇదేనని చెబుతారు. వేలల్లో అమ్మడం అలవాటున్న సంస్థకి లక్షల్లో ఆర్డర్లొస్తే ఎలా ఉంటుందో ఊహించండి. రోజుకి వందమంది వచ్చే వెబ్‌సైట్‌కి ఒక్కరాత్రిలో లక్షమంది వస్తే సర్వర్‌కి ఎలా ఉంటుందో, ఎపిటాఫ్‌కి అలా అయింది.

మరి నూడుల్స్? పాట రేడియోలో, టీవీలో మోగుతున్నా వెంటనే ఉద్యోగం మానలేదు. నిన్న టీవీలో చూశాం, ఇవాళ ఇక్కడ ఊడుస్తున్నావేంటని స్కూలు పిల్లలు అడిగేవారని ఆ తర్వాత నవ్వుతూ చెప్పుకొచ్చాడు. ఆ పని అతనికి నామోషీ కాదు. అద్దె కట్టింది, గిటార్ తీగలు కొన్నది ఆ జీతంతోనే. పదేళ్లు బ్యాండ్ బతికిందంటే ఇలాంటి జీతాల వల్లే.

ఎదిగారా... అమ్ముడుపోయారా?

పేరొచ్చాక తిట్లు కూడా వచ్చాయి. ఎపిటాఫ్‌తో పొరపొచ్చాలొచ్చి 1996లో బ్యాండ్ సోనీకి చెందిన కొలంబియా రికార్డ్స్‌కి వెళ్లిపోయింది. పంక్ అభిమానులకి ఇది ద్రోహం కిందే లెక్క. ఆ గోలలోనే 1997 ఫిబ్రవరిలో ‘ఇక్స్‌నే ఆన్ ది హోంబ్రే’ వచ్చింది. స్మాష్ అంత అమ్ముడుపోలేదు. కానీ సంగీతపరంగా చూస్తే స్మాష్‌లో నేర్చుకున్నదాన్ని ఇందులో ఇంకా సాగదీశారు. రెండు నిమిషాల్లోపు ‘ఆల్ ఐ వాంట్’ ఓ కొసన, దగ్గరివాళ్లని పోగొట్టుకున్న దుఃఖాన్ని నెమ్మదిగా పాడే ‘గాన్ అవే’ ఇంకో కొసన. ఈ రెండూ ఒకే బ్యాండ్‌వంటే నమ్మబుద్ధి కాదు. ‘గాన్ అవే’ని 2021 ఆల్బమ్‌లో పియానో మీద మళ్లీ చేశారు. చెప్పాను కదా, విప్పి బిగించే అలవాటని!

1998లో వచ్చిన ‘అమెరికానా’తో సరదా పాటల బ్యాండ్‌గా ముద్రపడింది. ‘ప్రెటీ ఫ్లై’ ప్రపంచమంతా మోగింది. నిజం చెప్పాలంటే ఆ నవ్వుల హోరులో అసలైన పాట కొందరికి వినిపించకుండా పోయింది. అదే ‘ది కిడ్స్ ఆరెంట్ ఆల్‌రైట్’. తను పెరిగిన వీధిలో తనతో ఆడుకున్న పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో డెక్స్‌టర్ చెప్పే పాట. ఎంతో చేస్తారనుకున్నవాళ్లు ఎక్కడెక్కడో ఆగిపోయారు. వేగం పాత స్కేట్ పంక్‌దే. బరువు మాత్రం మొదటి ఆల్బమ్‌నాటి కుర్రాళ్లు మోయగలిగింది కాదు. మీ టెన్త్ క్లాస్ గ్రూప్ ఫొటో ఓసారి తీసి చూసి, ఆ తర్వాత ఈ పాట వినండి.

వదిలేసిన పీహెచ్‌డీ సంగతి

స్మాష్ హిట్టవగానే డెక్స్‌టర్ పీహెచ్‌డీ మధ్యలో ఆపేశాడు. కథ అక్కడితో అయిపోతే అది మామూలు రాక్‌స్టార్ కథే. కానీ అతను మళ్లీ ల్యాబ్‌కి వెళ్లాడు. హెచ్‌ఐవీ జన్యుక్రమంలో మనిషి మైక్రోఆర్‌ఎన్‌ఏని పోలిన ముక్కలేమైనా దాగున్నాయా అని కంప్యూటర్ సాయంతో వెతికే పని. 2013లో ఆ పరిశోధన ‘ప్లాస్ వన్’ జర్నల్‌లో అచ్చయింది. 2017లో అదే యూనివర్సిటీ అతనికి డాక్టరేట్ ఇచ్చింది. అప్పటికి అతని వయసు 51.

ఇక్కడ కూడా ఆ ఫ్లాస్కుల సూత్రమే కనిపిస్తుంది నాకు. పాట, చదువు రెండూ ఒకేసారి పొయ్యి మీద మరుగుతుంటే ఒకదాన్ని దించి కాస్త దూరంగా పెట్టాడు. పారబోయలేదు. ఉద్యోగం చేస్తూ గేట్ రాయలేకపోయినవాళ్లు, పెళ్లయ్యాక పీజీ ఆపేసినవాళ్లు, షార్ట్‌ఫిల్మ్ స్క్రిప్టు సగంలో వదిలేసి క్యాంపస్ ప్లేస్‌మెంట్‌కి వెళ్లినవాళ్లు మనలో ఎంతమందో. ఆగిపోవడం వేరు, ఆపి ఉంచడం వేరు.

ఇంకో మాట. మీరు కోడ్ రాస్తారా, బొమ్మలేస్తారా, వీడియోలు చేస్తారా... ఏదైనా సరే, మీ మొదటి పనిని, తాజా పనిని పక్కపక్కన పెట్టి చూసుకోండి. కొత్తగా ఏం చేర్చారన్నది వెంటనే కనిపిస్తుంది. దేన్ని తీసేయగలిగారన్నది చూడండి. ఆఫ్‌స్ప్రింగ్ మొదటి ఆల్బమ్‌కీ మూడో ఆల్బమ్‌కీ మధ్య అసలు తేడా అక్కడే ఉంది. ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా వాయించడం వాళ్లకి చేతకాక కాదు. ఎక్కడ చేతులు ఆపాలో తెలిసింది. అది తెలియడానికి పదేళ్లు పట్టింది.

వినాలనుకుంటే... ఈ వరసలో

1. ‘జెనిఫర్ లాస్ట్ ది వార్’ (1989): మొదటి ఆల్బమ్ మొదటి పాట. ఎక్కడ మొదలయ్యారో తెలుస్తుంది.

2. ‘డర్టీ మ్యాజిక్’ (1992): నెమ్మదించడం మొదలైన చోటు. వీలైతే 2012 రికార్డింగ్ కూడా వెంటనే వినండి.

3. ‘కమ్ అవుట్ అండ్ ప్లే’ (1994): పాట ఎక్కడ ఆగుతుందో లెక్కపెట్టండి.

4. ‘సెల్ఫ్ ఎస్టీమ్’ (1994): చరణంలో గిటార్లు తప్పుకుని బేస్ మిగిలే చోట చెవి పెట్టండి. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి.

5. ‘గాన్ అవే’ (1997), ‘ది కిడ్స్ ఆరెంట్ ఆల్‌రైట్’ (1998): ఒకటి నెమ్మది, ఒకటి వేగం. రెండిట్లోనూ బాధ ఒక్కటే.

అన్నీ కలిపి అరగంట కూడా పట్టదు. ఇవాళ బస్సులోనో మెట్రోలోనో ఇంటికెళ్తూ వినేయొచ్చు.